తెలుగు చేతిరాత ఫాంటు: ఎంచుకోవడం నుంచి ప్రెస్సుకి ఇచ్చేదాకా

పెళ్ళికార్డు మీద పేర్లకో, కర్రీ పాయింట్ బోర్డుకో, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కో చేతిరాత తీరు ఫాంటు కావాలనుకున్నప్పుడు చాలామంది చేసేది ఒకటే. ఫాంటు సైటులో నమూనాగా పెట్టిన అ ఆ ఇ ఈ చూస్తారు, ‘అ’ చివర తోక భలే వంపు తిరిగిందని మురిసిపోతారు, డౌన్‌లోడ్ చేసేసుకుంటారు. తీరా ‘శ్రీలక్ష్మి’ అని టైప్ చేస్తే క్ష కింద ఉండాల్సిన మ ఒత్తు పక్కకెక్కడికో ఎగిరిపోయి కూర్చుంటుంది. తెలుగు ఫాంటు బండారం అచ్చుల్లో బయటపడదు, ఒత్తుల్లో బయటపడుతుంది. ఇంగ్లీషు స్క్రిప్టు ఫాంటు గీసేవాళ్ళు 26 పెద్దక్షరాలు, 26 చిన్నక్షరాలు, అంకెలు, కామాలు ఫుల్‌స్టాపులు గీస్తే పని చాలావరకు అయిపోయినట్టే. మన దగ్గర ప్రతి హల్లుకీ గుణింతం ఉంది, దానికో ఒత్తు ఉంది, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు చేరే మాటలూ ఉన్నాయి, కాబట్టి ఒక్క ఫాంటుకి వందల కొద్దీ రూపాలు గీయాలి. అంత ఓపికతో మొదలుపెట్టేవాళ్ళు తక్కువ, చివరిదాకా గీసేవాళ్ళు ఇంకా తక్కువ. అందుకే కింద చెప్పేదంతా ఒత్తుల చుట్టూనే తిరుగుతుంది, ముందే చెప్తున్నా.

1. ఫాంటు కన్నా ముందు మేటరు

ఫాంటు ఫోల్డరు తెరవకముందే నోట్‌ప్యాడ్‌లో మేటరు మొత్తం యూనికోడ్‌లో (ఫోన్‌లో, వాట్సాప్‌లో తెలుగు టైప్ చేసే పద్ధతి) టైప్ చేసి పెట్టుకోండి, పేర్లు ఇంటి పెద్దవాళ్ళకి చూపించి ఖాయం చేసుకోండి. తర్వాత అందులో చేతిరాత ఫాంటు దేనికి కావాలో గీత గీయండి. పెళ్ళికార్డయితే వధూవరుల పేర్లు, పైన ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’, మహా అయితే ‘ఆహ్వాన పత్రిక’ అనే మాట, అంతే. ముహూర్తం, ఫంక్షన్ హాల్ అడ్రసు, ‘మెట్రో పిల్లర్ ఎదురుగా, పెట్రోల్ బంకు పక్క సందు’ లాంటి దారి గుర్తులు, ఫోన్ నంబర్లు, ఇవన్నీ మామూలు ఫాంటులో ఉండాలి. కార్డు మొత్తం వంపుల రాతలో పెట్టినవాళ్ళ పెళ్ళికి బంధువులు అడ్రసు అడగడానికి ఫోన్లు చేస్తారు, ఆ ఫోన్ నంబరు కూడా కార్డులో చదవడానికి రాదు.

మేటరు తేలాక ఏ తీరు రాత కావాలో ఆలోచించండి. స్థూలంగా మూడు రకాలు అనుకోవచ్చు. కుంచెతో లాగినట్టుండే బరువైన రాత బోనాల ఫ్లెక్సుకీ, సినిమా పోస్టరుకీ, బిర్యానీ సెంటరు బోర్డుకీ నప్పుతుంది. పాళీ పెన్నుతో రాసినట్టు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉండే రాత పెళ్ళికీ, సన్మాన పత్రానికీ, కవితా సంపుటి అట్టకీ బాగుంటుంది. మూడోది, ఒకే మందంతో గుండ్రంగా సాగే పెన్ను రాత, ఇది ఇంటి వంట ఛానెళ్ళకీ, పచ్చళ్ళ సీసా లేబుళ్ళకీ, పిల్లల పుస్తకాలకీ చక్కగా సరిపోతుంది.

బాపు (1933–2014) సంగతి విడిగా చెప్పుకోవాలి. ఆయన చేతిరాతను అనుసరించి తయారైన ఫాంట్లన్నిటినీ జనం టోకున ‘బాపు ఫాంటు’ అనేస్తారు, డీటీపీ షాపులో కూడా ఆ మాట అంటే చాలు. ఇంటితనం, కాస్త చమత్కారం, తెలుగుదనం అన్నీ ఒకేసారి తెచ్చిపెడుతుంది కాబట్టి పెళ్ళికార్డు నుంచి స్వగృహ ఫుడ్స్ డబ్బా దాకా అదే వాడేస్తున్నారు. అందమే, కాదనను. కానీ అన్ని కార్డులూ ఒకే ఇంట్లోంచి వచ్చినట్టు కనిపించడం మీకు ఇష్టం లేకపోతే ఇంకోటి వెతకండి, డెంటల్ క్లినిక్ బోర్డుకైతే అసలే వద్దు.

2. ఒత్తుల పరీక్ష

అసలు పని ఇక్కడుంది, టైమ్ పెట్టాల్సింది కూడా ఇక్కడే. నచ్చిన ఫాంట్లు ఓ మూడు నాలుగు పెట్టుకుని, ఒక్కో దాంట్లో ఈ మాటలు టైప్ చేసి పెద్దగా చేసి చూడండి: శ్రీరస్తు, అవిఘ్నమస్తు, లక్ష్మీ, జ్యోత్స్న, రాష్ట్రం, వస్త్రాలయం, కృష్ణ, ఐశ్వర్య, నిశ్చితార్థం, గృహప్రవేశం, ఆహ్వానం, ఝాన్సీ, హైదరాబాద్. వీటి తర్వాత మీ మేటరులోని పేర్లన్నీ.

‘జ్యోత్స్న’ చూడండి ముందు. త కింద స ఒత్తు, దానితోపాటు న ఒత్తు. మంచి ఫాంటులో ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి గానీ, ఒకదాని కింద ఒకటి గానీ ఒద్దికగా సర్దుకుంటాయి. అరకొర ఫాంటులో రెండూ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్ద అవుతుంది, లేదా మధ్యలో పొల్లు పడి ‘త్’ ఒకచోట ‘స్న’ ఒకచోట విడివిడిగా వస్తాయి. ‘రాష్ట్రం’లో ట ఒత్తుతో పాటు ర ఒత్తు కూడా ఉంది. ర ఒత్తు మిగతా వాటిలా బుద్ధిగా కింద కూర్చోదు, అక్షరాన్ని ఎడమ నుంచి ఒడిసిపట్టుకుంటుంది, చేతిరాత ఫాంటు గీసినవాళ్ళు దాని తోకని ముచ్చటపడి సాగదీస్తే అది వెనక ఉన్న ‘రా’ని గుద్దుకుంటుంది. య ఒత్తు దీనికి తిరగబడ్డ కేసు, కుడి వైపుకి సాగుతుంది, తర్వాతి అక్షరం జాగా లాక్కుంటుంది.

ఒత్తు గీత మందం కూడా గమనించండి. బద్ధకంగా చేసిన ఫాంట్లలో ఒత్తు కోసం మామూలు అక్షరాన్నే చిన్నది చేసి కింద అతికిస్తారు, అప్పుడు అక్షరం లావు పెన్నుతో, ఒత్తు సన్న పెన్నుతో రాసినట్టు ఉంటుంది. నిజంగా చేత్తో రాసేవాడు ఒత్తు దగ్గరకొచ్చి పెన్ను మార్చడు కదా. తెరమీద పెద్ద సైజులో ఇది పట్టించుకోం, కార్డు మీద ప్రింటయ్యాక ఒత్తులు మాయమైపోయినట్టు కనిపిస్తాయి.

‘హైదరాబాద్’ అనే మాటలో రెండు పరీక్షలు దాగున్నాయి. హై కి ఐత్వం, అందులో ఒక ముక్క పైన, ఇంకో ముక్క కింద ఉంటాయి, కింద ముక్క కొన్ని ఫాంట్లలో ఒత్తులా భ్రమ కలిగిస్తుంది. చివర ద్ పొల్లు, దాని తోక ఎంత పైకి లేస్తే అంత పై లైనుతో గొడవ. మన ఊళ్ళో ఏ కార్డులోనైనా, ఏ బోర్డులోనైనా ఈ మాట ఎలాగూ వస్తుంది, కాబట్టి ఇది పాస్ కాని ఫాంటుని అక్కడే వదిలేయొచ్చు.

ఆ తర్వాత పోలికలు. ప, వ, ష, స, ఘ, మ, య ఒక గుంపు, తలకట్టు అక్షరాన్ని తాకిందా లేదా, లోపల మెలిక ఉందా లేదా అన్న చిన్న తేడాల మీదే ఇవి బతుకుతున్నాయి. ద, ధ, థ ఇంకో గుంపు, కింద నిలువు గీత, కడుపులో చుక్క, అంతే తేడా. రాసేటప్పుడు చేయి వేగంగా పోయినట్టు చూపించాలని ఈ చిన్న గుర్తుల్ని మింగేసే ఫాంట్లు ఉన్నాయి. అలాంటి దాంట్లో ‘సుధ’ కాస్తా ‘సుద’ అవుతుంది, ఆ పేరున్న అమ్మాయి మొహం చిన్నబోతుంది. తర్వాత మీ మేటరులోని ఝ, ఞ లాంటి అరుదైన అక్షరాలూ, అంకెలూ, రూపాయి గుర్తూ ఫాంటులో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ వాటిని వేరే ఫాంటు నుంచి అప్పు తెచ్చి పెడుతుంది, లేదా ఖాళీ డబ్బా చూపిస్తుంది. డబ్బా కనబడితే నయం, అప్పు తెచ్చిన అక్షరం చాలాసార్లు కంటికి ఆనదు, ప్రింటయ్యాకే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఆఖరి పరీక్షకి ఖర్చు లేదు. అసలు సైజులో ఒక కాపీ ప్రింటు తీసి, మేటరు తెలియని మనిషి చేతికిచ్చి చదవమనండి. మీకు మాట ముందే తెలుసు కాబట్టి ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా చదివేస్తారు, మీ సాక్ష్యం చెల్లదు.

3. యూనికోడ్ ఫాంటా, పాత డీటీపీ ఫాంటా

తెలుగు ఫాంట్లలో రెండు లోకాలున్నాయి, ఇది తెలియకపోతే ఎంతసేపు కొట్టుకున్నా పని జరగదు. ఫోన్‌లో, వెబ్‌సైటులో, వాట్సాప్‌లో మనం టైప్ చేసేది యూనికోడ్. హైదరాబాద్ డీటీపీ షాపుల్లో ఏళ్ళుగా నడుస్తున్నది అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి లాంటి ప్యాకేజీల ఫాంట్లు. వీటిలో పాతవి యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కల్ని కూర్చి పెట్టినవి, అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ‘మాకు పేజ్‌మేకర్ ఫైలే కావాలి అన్నా’ అనే ఆపరేటర్లు ఇప్పటికీ ఉన్నారు. పేజ్‌మేకర్ అంటే అడోబీ వాళ్ళ పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్, 2001లో వచ్చిన 7వ వెర్షనే చివరిది, దానికి యూనికోడ్ తెలుగు తెలియదు.

చిక్కేమిటంటే, అందమైన చేతిరాత ఫాంట్లలో చాలా భాగం ఆ పాత లోకంలోనే ఉన్నాయి. వాటిలో ఒకటి నచ్చితే యూనికోడ్ మేటరుని కన్వర్టర్‌తో ఆ పద్ధతిలోకి మార్చాలి. మార్చాక మేటరు మొదటి నుంచి మళ్ళీ ప్రూఫ్ చూడాలి, ‘కన్వర్టరే కదా చేసింది’ అని వదిలేయొద్దు. ముఖ్యంగా ‘హైదరాబాద్‌లో’, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలు వెతకండి. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి యూనికోడ్‌లో ఒక కనిపించని అడ్డుకట్ట ఉంటుంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కన్వర్టర్ దాన్ని మింగేస్తే ‘హైదరాబాద్లో’ అయి, ద కింద ల ఒత్తు వేలాడుతుంది. ఇన్‌డిజైన్‌లో అయితే టైప్ మెనూలో ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్ కింద నాన్ జాయినర్ దొరుకుతుంది, మిగతా చోట్ల సరిగ్గా ఉన్న మాటని ఎక్కడినుంచైనా కాపీ చేసి పేస్ట్ చేసుకోవడం తేలిక.

యూనికోడ్‌లోనే ఉండిపోదామంటే గూగుల్ ఫాంట్స్‌తో మొదలుపెట్టండి. అమెరికాలోని తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తెలుగు ఫాంట్లు అక్కడ ఉచితంగా ఉన్నాయి, మన కవుల పేర్లూ రాజుల పేర్లూ చాలావరకు వాటికి పెట్టారు. వాటిలో లక్కిరెడ్డి చేతిరాత తీరుకి దగ్గర, పెద్ద సైజు శీర్షికలకి బాగుంటుంది. రవిప్రకాష్ అలంకారంగా ఉంటుంది, ఆహ్వానాలకి పనికొస్తుంది. ఎక్ టైప్ వాళ్ళ బాలూ తమ్ముడు అచ్చంగా చేతిరాత కాదు గానీ, దాని బొద్దు మెత్తదనం స్వీట్ షాపు, పిల్లల బట్టల కొట్టు లాంటి వాటికి దివ్యంగా కుదురుతుంది. వీటిని కూడా పైన చెప్పిన పరీక్ష పెట్టే తీసుకోండి, పేరు చూసి కాదు.

4. సాఫ్ట్‌వేర్ ఒత్తుల్ని విడగొడుతుంటే

ఫాంటు బాగానే ఉండి, ఫోటోషాప్‌లో మాత్రం ‘క్ + ష’ విడివిడిగా వస్తోందంటే తప్పు ఫాంటుది కాదు. ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, అందులో టైప్‌లోకి వెళ్ళి, మీ వెర్షన్‌లో ఆ ఆప్షన్ కనిపిస్తే వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, పాత వెర్షన్లలో ఇదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనే పేరుతో ఉంటుంది. ఇప్పటికే టైప్ చేసిన లేయరు మారకపోతే తీసేసి కొత్తది పెట్టండి. ఇల్లస్ట్రేటర్‌లో టైప్ ప్రిఫరెన్సెస్‌లో షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోనే వరల్డ్ రెడీ కంపోజర్ ఉంటుంది. ఇంక్‌స్కేప్‌లో ఈ గొడవ లేదు, ఉచితం కూడా, బోర్డు డిజైన్లు చేసేవాళ్ళకి అదే చాలు. ఫోన్‌లో అయితే పిక్సెల్‌ల్యాబ్‌లో మీ ఫాంటు ఫైలు ఎక్కించుకోవచ్చు. కాన్వాలో తెలుగు ఫాంట్లు ఉన్నాయి గానీ, సొంత ఫాంటు ఎక్కించాలంటే డబ్బు కట్టే ప్లాను ఉండాలి.

5. లైసెన్సు, క్లుప్తంగా

గూగుల్ ఫాంట్స్‌లో పైన చెప్పిన తెలుగువి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వ్యాపారానికి వాడుకోవచ్చు, లోగో చేసుకోవచ్చు, టీషర్టు అమ్ముకోవచ్చు, ఫాంటు ఫైలుని మాత్రమే విడిగా అమ్మకూడదు. ‘పర్సనల్ యూజ్’ అని ఉన్న ఫాంటుతో క్లయింటు పని చేయకండి. టెలిగ్రామ్ గ్రూపులో వెయ్యి ఫాంట్ల జిప్ ఫైలు దొరికిందని సంబరపడేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, అందులో సగం పైరసీవి, మిగతా సగంలో ఒత్తులు ఉండవు.

6. అమర్చడం

అడోబీ సాఫ్ట్‌వేర్లలో ఆటో లీడింగ్ (లైనుకీ లైనుకీ మధ్య దూరం) అంటే అక్షరం సైజులో 120 శాతం. ఇంగ్లీషు కోసం పెట్టిన లెక్క అది, తెలుగుకి చాలదు, చేతిరాత ఫాంటుకి అసలే చాలదు. పై లైనులో ‘రాష్ట్రం’ ఒత్తులు కిందికి దిగుతాయి, కింది లైనులో ‘కీర్తి’ గుడిదీర్ఘం పైకి లేస్తుంది, రెండూ సరిగ్గా ఒకే చోట ఎదురైతే ఏది ఎవరిదో తెలియదు. 140 నుంచి 160 శాతం మధ్యలో మొదలుపెట్టి చూడండి, అంటే 48 పాయింట్ల అక్షరానికి దాదాపు 67 నుంచి 77 పాయింట్లు. జాగా లేదనుకుంటే లీడింగ్ తగ్గించకండి, లైను విరిచే చోటు మార్చండి. ఒక మాటని పై లైనులోకి లాగితే చాలు, ఒత్తు ఖాళీ ఉన్నచోట దిగుతుంది. రెండు మూడు లైన్ల శీర్షికకి ఈ సర్దుబాటు చేత్తోనే చేయాలి, ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు.

అక్షరాల మధ్య ట్రాకింగ్ జోలికి పోవద్దు. ఇంగ్లీషు లోగోల్లో అక్షరాల్ని దూరం జరిపి పెడితే ఖరీదుగా కనిపిస్తుందని తెలుగులోనూ అదే చేస్తారు, పక్కకి దిగిన ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కదాని దగ్గర నిలబడుతుంది, కలిపి రాసినట్టుండే తోకలు తెగిపోతాయి. సున్నా వదిలేయండి. ఏదైనా రెండు అక్షరాలు మరీ గుద్దుకుంటుంటే ఆ రెంటి మధ్య కెర్నింగ్ మాత్రమే సర్దండి. అలాగే ఫాంటులో బోల్డ్ లేనప్పుడు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే దొంగ బోల్డ్ వాడకండి. అది అన్ని వైపులా గీతని ఉబ్బిస్తుంది, గుడి లోపలి చిన్న ఖాళీ, ధ లోపలి ఖాళీ మూసుకుపోతాయి. వాలుగా పెట్టే దొంగ ఇటాలిక్ కూడా అంతే, గుండ్రటి తెలుగు అక్షరం వాలితే జారిపడుతున్నట్టు ఉంటుంది. బరువు కావాలంటే సైజు పెంచండి, లేదా రంగు మార్చండి.

జత ఫాంటు విషయానికొస్తే, ఒక డిజైనుకి ఒక్క చేతిరాత ఫాంటే. దాని పక్కన ఉండేది ఎంత నిదానంగా ఉంటే అంత మంచిది, మండలి, మల్లన్న, అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు, ఇలాంటివి. పెళ్ళికార్డులా సంప్రదాయంగా ఉండాలంటే తిరో తెలుగు బాగా కుదురుతుంది. జతలో తేడా స్పష్టంగా కనిపించాలి. చేతిరాత ఫాంటు 60 పాయింట్లలో ఉంటే కింద మేటరు 50లో కాదు, 16 లోనో 18 లోనో ఉండాలి.

7. ఫాంటుని నిజంగా చేతిరాతలా మార్చడం

ఫాంటు అని దొరికిపోయేది ఒకే అక్షరం రెండోసారి వచ్చినప్పుడు. ‘అమ్మమ్మ’ అని టైప్ చేయండి. రెండు ‘మ్మ’లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, ఏ మనిషీ అలా రాయడు. అమ్మమ్మ చేతి పచ్చళ్ళు అని లేబులు వేస్తున్నారనుకోండి, ఆ ఒక్క మాట కోసం ఇలా చేయండి. ముందు స్పెల్లింగు ఖాయం చేసుకుని, లైవ్ టెక్స్టు (ఇంకా టైప్ చేసి మార్చగలిగే అక్షరాలు) ఉన్న కాపీ ఒకటి పక్కన దాచుకోండి. తర్వాత మాటని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని ఉత్త గీతల ఆకారంలోకి, మార్చండి, కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూ, ఇల్లస్ట్రేటర్‌లో షిఫ్ట్ కంట్రోల్ ఓ. ఇప్పుడు రెండో ‘మ్మ’ ఒత్తుని రవ్వంత కిందికి దించి, ఒకటి రెండు డిగ్రీలు తిప్పి, మాట చివర కాబట్టి దాని తోకని కొంచెం సాగదీయండి. మొదటి ‘మ్మ’ని ముట్టుకోకండి. అంతకన్నా ఎక్కువ చేస్తే తాగి రాసినట్టు ఉంటుంది.

తోకల్ని సాగదీయడానికి లెక్క ఉంది. మాట మొదటి అక్షరం ఎడమ వైపుకి, చివరి అక్షరం కుడి వైపుకి సాగొచ్చు, మధ్యలో ఉన్న ఒత్తుల్లో ఒక్కటి మాత్రం కిందికి దిగి మాట కింద గీతలా పరుచుకోవచ్చు. ర ఒత్తు, య ఒత్తు దీనికి పుట్టినట్టే ఉంటాయి. ‘ఐశ్వర్య’లో చివరి య ఒత్తుని కుడికి లాగితే అలంకారం అయిపోతుంది, వేరే పూలూ లతలూ అక్కర్లేదు. పైకి లేచే గుడుల్నీ, దీర్ఘాల్నీ మాత్రం పొడిగించకండి, గుడి గుడిదీర్ఘంగా చదువుకుంటారు.

ఒక్క మాట కోసమే అయితే ఫాంటు మానేసి చేత్తోనే రాసేయడం కూడా మంచి దారి. పెన్సిల్‌తో ఆకారం వేసుకుని, పైన ట్రేసింగ్ పేపరు పెట్టి బ్రష్ పెన్నుతో నల్ల ఇంకులో అదే మాట పేజీ నిండా రాయండి. బాగా వచ్చిన అక్షరాలు వేరువేరు ప్రయత్నాల్లోంచి ఏరుకోవచ్చు. 600 డీపీఐలో స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్‌తో గానీ, ఇల్లస్ట్రేటర్‌లో ఇమేజ్ ట్రేస్‌తో గానీ గీతలుగా మార్చండి. ట్రేస్ చేశాక ఒక్కో వంపు మీద అవసరం లేని నోడ్లు (వంపుని పట్టి ఉంచే చుక్కలు) గుట్టలుగా ఉంటాయి, వాటిని తీసేయండి, లేకపోతే వంపు వణికినట్టు కనిపిస్తుంది. కాగితం గరుకువల్ల వచ్చిన అంచుల చీలికలు కుంచె రాతలో ఉంచొచ్చు, పాళీ రాతలో నునుపు చేయాలి.

8. ఏ పనికి ఏ జాగ్రత్త

పెళ్ళికార్డుకి గోల్డ్ ఫాయిల్ గానీ, స్క్రీన్ ప్రింటింగ్ గానీ అనుకుంటే, ఫాంటులోని సన్న గీతలే ప్రమాదం. అర పాయింటు కన్నా సన్నగా ఉన్నవి ఫాయిల్‌లో తెగిపోవచ్చు, గరుకు కాగితం మీదైతే ఇంకా ఎక్కువ. అదే ఫాంటుని మెరూన్ కార్డు మీద తెల్లగా లేదా పసుపుగా వదిలి ప్రింటు చేస్తే చుట్టూ ఇంకు లోపలికి పాకి గీత మరింత సన్నబడుతుంది. కాబట్టి కర్వ్స్ చేశాక అక్షరాలకి అదే రంగులో పావు పాయింటు అవుట్‌లైన్ ఇచ్చి చూడండి. గుడుల లోపలి ఖాళీ మూసుకుపోనంత వరకే.

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో కార్డు కొట్టించేవాళ్ళకి ఇంకో సంగతి. ఉర్దూ నస్తాలీఖ్ రాత, ఇంగ్లీషు, తెలుగు మూడూ ఒకే కార్డు మీద రావడం మన ఊళ్ళో మామూలే. నస్తాలీఖ్‌లో ప్రతి మాటా కుడి పై నుంచి ఎడమ కిందికి వాలుతూ దిగుతుంది, తెలుగు గుండ్రంగా ఒకే గీత మీద కూర్చుంటుంది. మూడింటికీ ఒకే పాయింటు సైజు పెడితే పోల్చలేనంత తేడా వస్తుంది. పాయింట్ల లెక్క మానేసి కంటికి సమంగా ఉండేదాకా సర్దండి. ఉర్దూ పేరు కాలిగ్రఫీలో ఉంటే తెలుగు పేరు పాళీ రాతలో పెట్టండి, రెండింటికీ లావు-సన్నం తేడా ఉంటుంది కాబట్టి ఒకే చేతి పనిలా కనిపిస్తాయి. కుంచె రాత పెడితే ఉర్దూ పక్కన తెలుగు అరుస్తున్నట్టు ఉంటుంది.

షాపు బోర్డులకి వస్తే, ఏసీపీ షీటు (బోర్డులకి వాడే అల్యూమినియం పలక) మీద ఎల్ఈడీ అక్షరాలు చేయించేటప్పుడు సన్నటి తోకల్లో లైట్లు పట్టవు, తోక చీకటిగా మిగిలిపోతుంది. రేడియం స్టిక్కర్ కటింగ్‌కి వేరే తంటా. కర్వ్స్ చేశాక అక్షరమూ ఒత్తూ ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, పైకి తెలియదు, ప్లాటరు బ్లేడు మాత్రం రెండు గీతల్నీ కోసేస్తుంది, స్టిక్కరు ముక్కలై ఊడొస్తుంది. పంపేముందు అన్నిటినీ వెల్డ్ చేసి ఒకే ఆకారం చేయాలి. రంగులు లేకుండా గీతలు మాత్రమే చూపించే వైర్‌ఫ్రేమ్ వ్యూలో చూస్తే ఎక్కడ గీతలు దాటుకుంటున్నాయో కనిపిస్తుంది. ఇంటి పేరు లేజర్ కటింగ్‌లో స్టెన్సిల్‌లా చేయిస్తుంటే సున్నా మధ్య ముక్క, థ కడుపులో చుక్క, గుడి మధ్య గుండ్రం రాలిపోతాయి, వాటిని పట్టి ఉంచే చిన్న వంతెనలు మీరే గీయాలి.

ఫ్లెక్సుకి పెద్దగా చెప్పేదేం లేదు, కుంచె రాత, రెండు రంగులు, ఒక అంచు. బంగారు గ్రేడియెంటు, దానికి తెల్ల అంచు, దానికి ఎర్ర అంచు, దానికి నల్ల నీడ, ఇలా నాలుగు పొరలు వేస్తే ఒత్తులన్నీ అంచుల్లో మునిగిపోతాయి. గల్లీ మొదట్లోంచి చూస్తే అన్నయ్య ఫోటో తప్ప ఇంకేం కనిపించదు. బహుశా వాళ్ళకి కావాల్సిందీ అదేనేమో.

యూట్యూబ్ థంబ్‌నెయిల్ 1280 బై 720లో చేస్తాం గానీ ఫోన్‌లో వేలెడంత కనిపిస్తుంది. రెండు మూడు మాటలు, లావు రాత, వీలైతే జంట ఒత్తులు లేని మాటలు ఎంచుకోండి. వాట్సాప్ ఆహ్వానానికి 1080 బై 1920 పెట్టి, సన్నగీతల ఫాంటు వాడితే మాత్రం డాక్యుమెంటుగా పంపండి, ఫోటోగా పంపితే కుదింపులో ఒత్తుల చుట్టూ మసక వస్తుంది. వెబ్‌సైటులో శీర్షికకి ఒక్కదానికే చేతిరాత ఫాంటు పెట్టి, వోఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంటు) ఫైలు ఇచ్చి, లైన్ హైట్ 1.6 దగ్గర, లెటర్ స్పేసింగ్ సున్నా దగ్గర ఉంచండి. వ్యాసం మొత్తం దాంట్లో పెట్టారంటే రెండో పేరా దాకా ఎవరూ రారు.

9. ప్రెస్సుకి పంపే ఫైలు

రెండు ఫైళ్ళు చేయండి. కర్వ్స్ చేసిన పీడీఎఫ్ ప్రెస్సుకి, లైవ్ టెక్స్టు ఉన్న అసలు ఫైలు మీ దగ్గర. ఆపరేటరు ‘అన్నా, ఫాంటు కూడా పంపు, ఇక్కడ చిన్న కరెక్షన్ చేస్కుంటా’ అంటే ఒప్పుకోకండి, అక్కడి సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతే మీకు తెలిసేది కార్డుల కట్ట ఇంటికొచ్చాకే. కరెక్షన్ ఉంటే మీరే చేసి మళ్ళీ కర్వ్స్ చేసి పంపండి. పీడీఎఫ్‌ని మీ కంప్యూటర్లో కాకుండా ఫోన్‌లో తెరిచి, ప్రతి ఒత్తునీ జూమ్ చేసి చూడండి. ఆ తర్వాత అసలు కాగితం మీద, అసలు రంగులో ఒక్క కాపీ అడగండి. డిజిటల్ ప్రింటయితే వెంటనే ఇస్తారు. స్క్రీన్ ప్రింటింగ్, ఫాయిల్ అయితే స్క్రీనో డైయో తయారుచేయాలి కాబట్టి కొంచెం గునుస్తారు, అయినా మొదటి కార్డు మీ ముందే తీయమనండి, సన్న గీతలు నిలిచాయో లేదో చూశాక మిగతావి కొట్టమనండి.